భుజం మీది మచ్చ, మదనపల్లె లెక్క

ఉగాది సంచిక అనగానే మనవారు నాయకరాజుల కథనో, తిరుమల నాయకుని మహలు వైభవాన్నో, కోయంబత్తూరు సీమకు వచ్చిన కమ్మవారి, బలిజవారి, దేవాంగుల వలస వృత్తాంతాన్నో ఎదురుచూస్తారు. అవి చెప్పవలసినవే, ప్రతి యేడూ చెప్పుకొంటూనే ఉన్నాము. ఈ యేడు మాత్రం మన ఇండ్లలో గొంతు తగ్గించి మాట్లాడుకొనే ఒక జబ్బు చరిత్రను చెప్పదలచుకొన్నాము. అది క్షయ. అరవంలో కాసనోయ్ అంటారు. మన అవ్వలు ఆ పేరు సైతం ఎత్తక "ఆ దగ్గు" అని ఊరుకొనేవారు. సంబంధం మాట్లాడడానికి వచ్చినవారు పొలం పుట్ర కంటె ముందు "వారి ఇంట దగ్గు ఏమైన ఉన్నదా?" అని ఇరుగుపొరుగుల వద్ద చాటుగా విచారించిన కాలం మరీ పాతది కాదు.

ఈ జబ్బును గూర్చి మన కుటుంబాలలో రెండు నమ్మకాలు గట్టిగా పాతుకొని ఉన్నవి. చిన్ననాడు ఎడమ భుజం మీద వేసిన టీకా మచ్చ ఉన్నవానికి క్షయ రాదనేది మొదటిది. వచ్చినవానిని ఇల్లు దాటించి దూరంగా ఉంచితేనే తక్కినవారు బ్రతుకుతారనేది రెండవది. ఈ రెండింటినీ వాదించి కాదు, మనుషులను లెక్కపెట్టి పరీక్షించినవారున్నారు. ఆ లెక్కలు మన దక్షిణదేశంలోనే, మనవంటి సంసారాల మధ్యనే జరిగినవి. మొదటిది తెలుగుగడ్డ మీద మదనపల్లె పల్లెలలో ఆరంభమై చెంగల్పట్టు జిల్లాకు సాగింది. రెండవది చెన్నపట్నం సందుగొందులలో మొదలై మన మదురై దాక వచ్చింది.

ముందు మన ఊళ్ల సంగతి ఒక మాట. మన పూర్వులు విజయనగర సేనల వెంట, నాయకుల వెంట వచ్చి నల్లరేగడి దున్నినవారు, మగ్గం నేసినవారు, కోటలు కాచినవారు. 1888లో కోయంబత్తూరులో స్టేన్సు దొర నూలు మిల్లు పెట్టినప్పటి నుండి ఊరి నడక మారింది. 1930 దశకంలో పైకారా జలవిద్యుత్తు అందిన తర్వాత పీళమేడు, సింగానల్లూరు చుట్టుపట్ల మిల్లులు వరుస తీరినవి. మిల్లు సంగు కూతే గడియారమయింది. మదురైలో హార్వీ మిల్లు ఇటువంటిదే. మిల్లు పెట్టినవారిలో మనవారున్నారు, మిల్లులో దారం అతికినవారిలోనూ మనవారున్నారు. మేడలో ఉన్నవారికీ, లైను ఇండ్లలో ఒకే గదిలో ఏడెనిమిదిమంది పడుకొన్నవారికీ ఈ జబ్బు ఒకే విధంగా కనిపించలేదు.

పత్తిదుమ్ము పీల్చడం వలననే క్షయ పుడుతుందని మనవారిలో కొందరు ఇప్పటికీ అంటారు. దుమ్ము ఊపిరితిత్తులకు చెరుపే గాని క్షయను పుట్టించదు. క్షయకు కారణం ఒక క్రిమి. దానిని 1882లో జర్మను వైద్యుడు రాబర్టు కాక్ కనిపెట్టాడు. రోగి దగ్గినప్పుడు వెలువడే అతి సూక్ష్మమైన తుంపరలు గాలి ఆడని గదిలో గంటల తరబడి తేలుతూ ఉంటవి. వాటిని పీల్చినవారి ఒంట్లో క్రిమి చేరుతుంది. చేరినవారందరూ జబ్బుపడరు. పదిమందిలో తొమ్మండుగురికి శరీరమే దానిని కట్టివేస్తుంది, జీవితాంతం బయటపడదు. ఎవరిలో కట్టు తెగుతుంది, ఎందుకు తెగుతుంది అన్నదే ఈ శాస్త్రం మొత్తానికి మూలప్రశ్న.

మందులు లేని రోజులలో చేయగలిగినది విశ్రాంతి, మంచి గాలి, బలమైన ఆహారం. అందుకొరకే శానిటోరియాలు వెలిసినవి. అప్పటి కోయంబత్తూరు జిల్లాలోని పెరుందురై శానిటోరియం పేరు మన పెద్దలకు బాగా తెలుసు. దానికంటె పాతది తెలుగుదేశంలో ఉన్నది. రవీంద్రుడు 1919లో జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన ఊరు మదనపల్లె అని మన పిల్లలు చదువుకొని ఉంటారు. అప్పటి చిత్తూరు జిల్లాలోని ఆ మదనపల్లె సమీపంలో, 1915లో, పలు క్రైస్తవ మిషన్లు చేయి కలిపి ఒక క్షయ చికిత్సాలయాన్ని ప్రారంభించినవి. ఆ చోటికి ఆరోగ్యవరం అని పేరు. పేరు పెట్టినవారి నోట తేనె పోయవలెను! దక్షిణదేశమంతటి నుండి రోగులు అక్కడికి వచ్చేవారు. దాని మొదటి పెద్దవైద్యుడు డెన్మార్కు దేశస్థుడైన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. ఆయన తర్వాత అఖిల భారత క్షయ నివారణ సంఘం పనికి ఢిల్లీ వెళ్లారు. ఆయన కుమారుడు యోహాన్నెస్ ఫ్రిమోట్ మోలర్ కూడ వైద్యుడై అదే మదనపల్లెలో పని చేశారు. తండ్రి రోగులను ఆస్పత్రిలో చూశారు. కొడుకు ఆస్పత్రి గడప దాటి ఊళ్లమీదికి వెళ్లారు. మన కథ కొడుకుది.

ఆయన చేసినది తెలియవలెనంటే రెండు వస్తువుల గూర్చి తెలియవలెను: ఒకటి పరీక్ష, రెండవది టీకా.

పరీక్ష పేరు ట్యుబర్కులిన్. క్షయక్రిమి నుండి తీసిన సారాన్ని కాక్ 1890లో చికిత్స అని ప్రకటించాడు. చికిత్సగా అది విఫలమైంది. ఐతే ఆ విఫలమైన మందే పరీక్షగా పనికివచ్చింది. ఫ్రెంచి వైద్యుడు మాంటూ 1908లో చూపిన పద్ధతిలో ఆ సారాన్ని కొద్దిగా ముంజేతి చర్మంలోనికి ఎక్కిస్తారు. క్రిమిని ఇదివరకే ఎరిగిన శరీరమైతే రెండు మూడు రోజులలో అక్కడ గట్టిగా ఉబ్బుతుంది. ఉబ్బు ఎన్ని మిల్లీమీటర్లో కొలుస్తారు. జబ్బు ఉన్నదా అని కాదు, శరీరానికి క్రిమి జ్ఞాపకమున్నదా అని అడిగే పరీక్ష అది.

టీకా పేరు బి.సి.జి. కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు ఫ్రెంచివారు పశువుల క్షయక్రిమిని 1908 మొదలు పదమూడేండ్లపాటు, 230 సార్లు ఒక పాత్ర నుండి మరొక పాత్రకు మార్చి పెంచుతూ, దాని కోర పీకివేశారు. 1921లో పారిసులో ఒక పసిబిడ్డకు మొదటిసారి ఇచ్చారు. 1930లో జర్మనీలోని ల్యూబెక్ నగరంలో, టీకా తయారుచేసే చోట అసలు క్రిమి కలిసిపోయి, 72 మంది శిశువులు మరణించారు. తప్పు టీకాది కాదని విచారణలో తేలినా, ఆ భయం చాలా ఏండ్లు వదలలేదు.

మన దేశంలోనికి ఈ టీకా 1948లో వచ్చింది. మద్రాసు గిండీలో దీనిని తయారుచేసే ప్రయోగశాల ఆ యేడే వెలిసింది. మొట్టమొదట పరీక్షార్థం వేసిన రెండు చోట్లలో ఒకటి ఢిల్లీ, రెండవది మదనపల్లె. కొద్ది ఏండ్లలోనే దేశమంతటా బడులలో వరుసగా నిలబెట్టి పిల్లలకు పరీక్ష చేయడం, ఉబ్బనివారికి టీకా వేయడం సాగింది. మన సంఘంలోని వృద్ధులలో చాలమంది భుజాల మీది మచ్చలు ఆ కాలానివే.

యోహాన్నెస్ మోలర్ అడిగినది చిన్న ప్రశ్న. వేస్తున్నాము సరే, ఇది ఇక్కడ పని చేస్తున్నదా? ఐరోపా పిల్లలకు మేలు చేసినది మన పల్లె రైతుకు కూడ చేస్తుందని ఎవరు చూశారు? చూడడానికి ఆయన ఎంచుకొన్న దారి కష్టమైనది. ఆస్పత్రికి వచ్చినవారిని లెక్కించితే ఊరి సంగతి తెలియదు; వచ్చేవారు వేరు, రాలేనివారు వేరు. కనుక 1950 నుండి మదనపల్లె చుట్టుపట్ల గ్రామాలలో ఇంటింటికీ వెళ్లి, మనుషులను పేరుపేరునా వ్రాసి, ట్యుబర్కులిన్ పరీక్ష చేసి, ఎక్స్‌రే తీసి, అనుమానం ఉన్నవారి కఫాన్ని పరీక్షించారు. మళ్లీ కొంత కాలానికి అవే ఇండ్లకు వెళ్లారు. 1950 నుండి 1955 వరకు జరిగిన ఈ గ్రామ పరిశీలన ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో 1960లో వంద పుటలకు మించిన వ్యాసంగా వెలువడింది. ఒక దక్షిణభారత గ్రామసీమలో క్షయ ఎంత ఉన్నదో, ఎవరికి కొత్తగా వస్తున్నదో ఇంత వివరంగా వ్రాసిన గ్రంథం అంతకు ముందు లేదనే చెప్పవలెను.

ఆ పల్లెలలోనే టీకా పరీక్ష జరిగింది. ట్యుబర్కులిన్‌కు ఉబ్బనివారిని వరుసలో తీసుకొని, ఒకరికి టీకా వేసి, తర్వాతి వారికి వేయక వదిలారు. అటుపై ఏండ్ల తరబడి ఇరువైపుల వారినీ గమనించారు. వేయనివారికి అన్యాయం కాదా అని మనకు తోచవచ్చు. ఐతే, మేలు చేస్తుందో లేదో ఇంకా తెలియనప్పుడు, వేయనివారు లేకపోతే వేసినవారి మేలును కొలవడానికి కొలబద్ద ఉండదు. 5,069 మందికి టీకా పడింది, 5,808 మందికి పడలేదు.

ఈ లెక్క సాగుతుండగానే 1955లో రాజాజీ ఈ టీకాకు ఎదురు తిరిగారు. అంతకు ముందు యేడు దాక మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న పెద్దమనిషి, బ్రతికి ఉన్న క్రిమిని కోట్లాది ఆరోగ్యవంతులైన పిల్లల ఒంట్లోనికి ఎక్కించడానికి తగిన రుజువు లేదని చిన్న పుస్తకమే వేశారు. ఢిల్లీలో ఆరోగ్యమంత్రి రాజకుమారి అమృత్ కౌర్ టీకా పక్షాన నిలిచారు. టీకా విషమని చాటినవారి వెంట మేము పోము. కోట్లమందికి వేసిన అనుభవంలో అది క్షేమమైనదిగానే తేలింది. కాని "రుజువేదీ?" అన్న మాట ఒక్కటి ఆనాడు న్యాయమైనదే. దానికి జవాబు ఉపన్యాసాలలో లేదు, మదనపల్లె పల్లెలలో తయారవుతూ ఉన్నది.

మొదటి నివేదికను 1964లో మోలర్, థామస్, పార్థసారథి కలిసి వెలువరించారు. నాల్గవది 1973లో వచ్చింది. దానిమీద మోలర్‌తో బాటు జి. ఎస్. ఆచార్యులు, కె. కేశవ పిళ్లై పేర్లున్నవి. అప్పటికి తేలిన లెక్క ఇది. టీకా పడిన 5,069 మందిలో 33 మందికి క్షయ వచ్చింది. పడని 5,808 మందిలో 47 మందికి వచ్చింది. వేయింటికి చెప్పుకొంటే ఒక పక్క ఆరున్నర, మరొక పక్క ఎనిమిది. ఉపయోగం ఉన్నదా అంటే కొద్దిగా ఉన్నట్టున్నది, లేదనడానికీ వీలుంది. ఇంత చిన్న భేదం కాకతాళీయంగానూ రావచ్చును.

దీని ప్రక్కన ఇంగ్లండు లెక్క పెట్టి చూడండి. అక్కడ బడి వదిలే వయసు పిల్లలలో టీకా పడిన 13,598 మందికి గాను 62 మంది, పడని 12,867 మందికి గాను 248 మంది జబ్బుపడ్డారు. గమనించిన ఏండ్లు సమానం కావు కనుక ఇంగ్లండు అంకెను మదనపల్లె అంకెతో నేరుగా పోల్చరాదు; ఏ దేశానికాదేశంలో వేసినవారినీ వేయనివారినీ పోల్చవలెను. అక్కడ టీకా నాలుగు పాళ్లలో మూడు పాళ్లకు మించి జబ్బును ఆపింది. అదే మందు, అదే పేరు. ఇక్కడ ఐదింట ఒక పాలు ఆపిందో లేదో అన్నంతగా మిగిలింది.

మదనపల్లె లెక్క చిన్నది కాబట్టి సందేహం తీరలేదు. తీర్చడానికి భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా ప్రజారోగ్య శాఖ కలిసి 1968లో చెంగల్పట్టు జిల్లాలో ప్రపంచంలోనే అతి పెద్ద క్షయ టీకా పరీక్షను ఆరంభించారు. తెలుగు మాట్లాడేవారు కూడ ఎందరో ఉన్న జిల్లా అది. రెండున్నర లక్షలకు పైగా జనం. పారిసు రకం, డెన్మార్కు రకం రెండూ వాడారు. ఎవరికి మందు, ఎవరికి ఉత్త నీరు అన్నది వేసేవారికి కూడ తెలియకుండ ఏర్పాటు చేశారు. ఏడున్నర ఏండ్లు గమనించి 1979, 1980 సంవత్సరాలలో ఫలితం ప్రకటించారు. 88,391 మంది చొప్పున సమానంగా ఉన్న రెండు పక్కలలో, టీకా పడినవారిలో 505 మందికి, పడనివారిలో 499 మందికి జబ్బు వచ్చింది.

అంకె తప్పు పడలేదు, పాఠకులు మళ్లీ చదవవచ్చును. టీకా వేసిన పక్కనే ఆరుగురు ఎక్కువ. ఊపిరితిత్తుల క్షయనుండి పెద్దలను ఈ టీకా మన సీమలో కాపాడలేదన్నమాట. దేశదేశాల వైద్యులు విస్తుపోయారు. కాని మదనపల్లె అంకెలను అంతకు ముందే జాగ్రత్తగా చదివినవారికి అది పిడుగుపాటు కానవసరం లేదని మా అభిప్రాయం. ఆశించినదానికి విరుద్ధమైన లెక్కను దాచక, దిద్దక, ఉన్నదున్నట్టు అచ్చువేసినవారికి మనం దండం పెట్టవలెను. దానివలన ప్రపంచం కొత్త టీకాను వెదకడం మొదలుపెట్టింది.

ఎందుకిలా జరిగింది? రెండు మూడు సమాధానాలు చెప్పుతారు. వెచ్చని దేశాల మట్టిలో, నీటిలో క్షయక్రిమికి దూరపు చుట్టాలైన క్రిములు విస్తారంగా ఉన్నవి. చెప్పులు లేని కాళ్లతో పొలంలో తిరిగి, చెరువు నీరు త్రాగిన మనిషి శరీరం వాటిని చిన్నప్పటి నుండి ఎరిగి ఉంటుంది. మన పల్లెలలో ట్యుబర్కులిన్‌కు చాలమందిలో చిన్న చిన్న ఉబ్బులు రావడానికి కారణమదే. అట్టి శరీరానికి కొంత రక్షణ ముందే దొరికి ఉంటుంది. పైన వేసిన టీకా కలిపేది స్వల్పం. 1966లో పామర్, లాంగ్ అనే అమెరికనులు సీమపందుల మీద ప్రయోగించి ఈ వాదానికి బలం చేకూర్చారు.

రెండవ సమాధానం క్రిమిలోనే ఉన్నది. మన దక్షిణదేశపు రోగుల నుండి తీసిన క్రిములలో చాల భాగం సీమపందులకు ఎక్కించినప్పుడు ఇంగ్లండు క్రిములకంటె మెత్తగా ప్రవర్తించినవి. 1960లో మిచిసన్ మొదలైనవారు దీనిని చూపారు. గాలి ద్వారా క్రిమిని సోకించి చేసిన అదే తరహా పరిశోధన 1963లో అమెరికా నుండి వెలువడింది. దాని మొదటి పేరు పి. ఆర్. జె. గంగాధరం. పట్టిసపు రామజోగి గంగాధరం అని పూర్తి పేరు చదివితే మనవాడని వేరుగా చెప్పనక్కరలేదు. మద్రాసు క్షయ చికిత్సా పరిశోధన కేంద్రంలో పని చేసి, అమెరికాలో స్థిరపడి, మందులకు లొంగని క్షయక్రిముల మీద 1984లో పెద్ద గ్రంథం వెలువరించినవాడు. వలస వెళ్లిన తెలుగువారిలో మిల్లులు కట్టినవారిని తలచుకొన్నట్టే ఇటువంటివారిని కూడ మన సంచికలలో తలచుకోవలెను.

ఇక భుజం మీది మచ్చకు విలువ లేదా అంటే, ఉన్నది. పసిబిడ్డలకు క్షయ మెదడు పొరలకు పట్టినప్పుడు, ఒళ్లంతా ఒక్కసారి ప్రాకినప్పుడు అతి ఘోరంగా ఉంటుంది. ఆ రెండింటి నుండి బి.సి.జి. శిశువులను బాగా కాపాడుతుందని పలు దేశాల పరిశీలనలలో తేలింది. అందువలననే బడిపిల్లలకు వేయడం తగ్గి, పుట్టిన వెంటనే వేయడం మన దేశంలో పద్ధతి అయింది. కోడలు పురుటికి వెళ్లినప్పుడు బిడ్డకు ఈ టీకా పడిందా లేదా అని తప్పక కనుక్కోవలెను. కాని నలుబదేండ్ల మగవాడు రెండు వారాలకు మించి దగ్గుతూ, సాయంకాలపు జ్వరంతో చిక్కిపోతూ, "నాకు మచ్చ ఉన్నది గదా" అని కూర్చోరాదు. ఆ మచ్చ అతని కొరకు కాదు. పశువుల క్రిమికి బదులు మనిషి క్షయక్రిమినే నీరసింపజేసి స్పెయిను దేశస్థులు తయారుచేసిన ఎం.టి.బి.వ్యాక్ అనే కొత్త టీకాను హైదరాబాదు భారత్ బయోటెక్ సంస్థవారు 2024లో మన దేశపు పెద్దవారిలో పరీక్షించడం ఆరంభించారు.

రెండవ నమ్మకానికి వద్దాము. రోగిని ఇల్లు దాటించవలెనా?

1952 నాటికి స్ట్రెప్టోమైసిన్, పాస్, ఐసోనయజిడ్ అనే మూడు మందులు చేతికి వచ్చినవి. మందులున్నవి గాని శానిటోరియంలో పడకలు లేవు; దేశంలోని రోగుల సంఖ్య ముందు ఉన్న పడకలు సముద్రంలో కాకిరెట్ట. 1956లో మద్రాసు చేత్పట్టులో వెలసిన చికిత్సా కేంద్రంలో డాక్టరు వాలెస్ ఫాక్స్ ఆధ్వర్యాన ఈ ప్రశ్నను కూడ లెక్కకు పెట్టారు. నగరంలోని పేద రోగులను రెండుగా చేసి, ఒక భాగాన్ని శానిటోరియంకు పంపారు, మరొక భాగాన్ని ఇరుకిండ్లలోనే ఉంచారు. ఇద్దరికీ ఒకే మందు, ఒక యేడు. శానిటోరియం వారికి మంచి తిండి, విశ్రాంతి. ఇంటివారికి గంజి, కూలిపని. 1959లో ఫలితం వచ్చింది: నయమైనవారి పాలు రెండు వైపులా ఇంచుమించు సమానం. బరువు మాత్రం శానిటోరియం వారికి ఎక్కువ పెరిగింది.

మనవంటివారికి దానికంటె ముఖ్యమైనది ఆ ఇండ్లలోని భార్యాబిడ్డల లెక్క. వారిని ఐదేండ్లు గమనించి 1966లో ప్రకటించారు. రోగి ఇంట ఉన్న కుటుంబాలలో కొత్తగా జబ్బుపడినవారు, రోగిని శానిటోరియంకు పంపిన కుటుంబాలలో కంటె ఎక్కువ లేరు. జబ్బు సోకేది మందు మొదలుపెట్టక ముందు, తెలియక దగ్గుతూ తిరిగిన నెలలలో. సరియైన మందు పడిన తర్వాత అంటించే శక్తి త్వరగా తగ్గుతుంది. కాబట్టి ఎన్నో ఇండ్లలో కోడలిని పుట్టింటికి పంపివేసినది, అన్నను పొలంలోని పాకలో పడుకోబెట్టినది వ్యర్థమైన క్రూరత్వం. దాచిన నెలలే అపాయమైన నెలలు. దాచడానికి కారణం వెలి భయం. ఈ ముడిని మన సంఘాలు విప్పినంత సులువుగా వైద్యులు విప్పలేరు.

ఆ మద్రాసు కేంద్రంలోనే మన గంగాధరం, 1961లో, ఐసోనయజిడ్ కొందరి ఒంట్లో త్వరగా కరిగిపోతుందనీ, కొందరి ఒంట్లో నిదానంగా కరుగుతుందనీ, దక్షిణదేశంలో ఎవరెందరో కొలిచిన పనిలో పాలుపంచుకొన్నారు. ఎన్ని రోజులకొకసారి మందు ఇస్తే చాలునన్నది అటువంటి కొలతల మీదనే నిర్ణయమైంది. యేడాది పైబడిన చికిత్స క్రమంగా ఆరు నెలలకు దిగింది. ఆ కేంద్రం మదురైలోనూ ఒక శాఖ తెరచి ఈ పొట్టి చికిత్సలను పరీక్షించింది. శాఖ ఉన్నది మన పెద్దలు ఎర్స్కిన్ ఆస్పత్రి అని పిలిచిన ప్రభుత్వ ఆస్పత్రిలో. ఇప్పుడు దాని పేరు రాజాజీ ఆస్పత్రి; టీకాకు రుజువడిగిన ఆ పెద్దమనిషి పేరే. అక్కడ పరీక్షలో చేరినవారిలో చాలమంది మాత్రలు పుచ్చుకొని సాయంకాలానికి తమ ఇండ్లకే వెళ్లారు.